గిర్దావర్ ఎక్కని యాభై నాలుగు మెట్లు

మీరు విచారణకు వెళ్లినప్పుడు ఇంటి ఓనరు మజ్జిగ ఇస్తే తాగండి. ఎండలో తిరిగే ఉద్యోగం మనది, తాగడంలో తప్పు లేదు. కానీ గ్లాసు కింద పెట్టాక ఒకసారి మెట్లెక్కి పైకి కూడా వెళ్లి చూడండి. రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలకు నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఇంతేనా అని మీరు నవ్వొచ్చు. ఇది నేర్చుకోవడానికే నాకు ముప్పై రెండేళ్లు పైన పట్టింది.

నేను గిర్దావర్‌గా రిటైరయ్యాను. కాగితాల మీద రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అనే ఉంటుంది గానీ, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు జనం నోట్లో ఆ పాత పేరే ఇంకా నడుస్తోంది. ఫలానా వాళ్లు ఫలానా ఇంట్లో ఉంటున్నారని సర్టిఫికెట్ కావాలంటే సంతకం పెట్టేది తహసీల్దారు. అంతకుముందు ఆ మాట నిజమో కాదో ఇంటికి వెళ్లి చూసి రిపోర్టు రాసేది గిర్దావర్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, ఆ పూజారిని నేనే. పైగా నాకు రూల్సన్నీ నోటికొచ్చని ఆఫీసులో పేరు. ఆ మాట విన్నప్పుడల్లా లోలోపల మురిసిపోయేదాన్ని, ఇప్పుడు దాచడమెందుకు.

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలిపోయిన తర్వాతి వేసవి అది. నా రిటైర్మెంట్‌కు ఇంకా ఆరు నెలలుంది. ఒక నివాస ధ్రువపత్రం దరఖాస్తు నా టేబుల్ మీదికి వచ్చింది. దరఖాస్తు పెట్టింది పంతొమ్మిదేళ్ల అమ్మాయి. పుట్టింది మస్కట్‌లో. పుట్టుకతోనే కాళ్లు పనిచేయవు, మాట కూడా కష్టంగా వస్తుంది. తండ్రిది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం, మస్కట్‌లో ఒక బట్టల దుకాణంలో ఉద్యోగం. ఆ దుకాణం మూతపడింది. తండ్రి ఇంకో పని వెతుక్కుంటూ అక్కడే ఉండిపోయాడు, తల్లీకూతుళ్లు మాత్రం తిరిగొచ్చి గడ్డిఅన్నారంలో కిరాయికి దిగారు. ఆ అమ్మాయికి వికలాంగుల సర్టిఫికెట్ కావాలన్నా, దాని మీద పింఛను గానీ బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి గానీ రావాలన్నా, ముందు ఇక్కడి మనిషేనని తేలాలి.

అక్కడే ఒక మెలిక ఉంది. విదేశం నుంచి వచ్చిన కుటుంబమైతే కనీసం ఆర్నెల్లుగా ఇక్కడే ఉంటున్నట్టు విచారణలో తేలాలన్నది అప్పట్లో మా ఆఫీసు పాటించిన పద్ధతి. ఆ పద్ధతి ఊరికే పుట్టలేదు. నెల రోజుల సెలవు మీద వచ్చి, కాగితాలు చేయించుకుని, మళ్లీ విమానమెక్కిన వాళ్లను చూశాం. వాళ్లకు సంతకాలు పెట్టిన పాపానికి మా వాళ్లు సంజాయిషీలు రాసుకున్నారు. అందుకని దరఖాస్తులో 'విదేశం' అన్న మాట కనపడితే చాలు, మా అందరికీ అనుమానం పుట్టేది. ఈ దరఖాస్తులో మాత్రం వచ్చి ఏడు నెలలైందని రాసి ఉంది.

నా ఎదురు సీట్లో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఏ ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో ముందే చెప్పగలిగిన మనిషి. అతను ఆ దరఖాస్తు చూసి నవ్వాడు.

"మస్కట్ పార్టీ అక్కా. పైసలున్నోళ్లే ఉంటరు. సర్టిఫికెట్ చేతికొస్తె మల్ల ఫ్లైటెక్కుతరు సూడు."

నేనూ నవ్వాను. ఇల్లు చూడకముందే నా విచారణ సగం అయిపోయింది.

మే నెల ఎండలో, చేతిలో ఇంకా బోలెడన్ని దరఖాస్తులతో ఆ గల్లీకి వెళ్లాను. మూడంతస్తుల ఇల్లు, దాని నెత్తిన ఒక పెంట్‌హౌస్ గది. మార్కెట్ ఉన్నన్నాళ్లు అలాంటి గదుల్లో హమాలీలు ఉండేవాళ్లు, మార్కెట్ పోయాక కిరాయిలు తగ్గి ఎవరెవరో దిగారు. ఇంటి ఓనరు అరవై దాటిన పెద్దావిడ, భర్త లేడు. గుంటూరు వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లు ఇక్కడే ఉన్నా ఆవిడ మాట ఏమీ మారలేదు.

"రండి మేడమ్ గారూ, ఎండన పడి వచ్చారు. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

వరండా మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగాను. అల్లం, కరివేపాకు వేసి చక్కగా కలిపింది. తాగుతూనే అడిగాను, పైన కిరాయికి ఎవరున్నారని.

"పైనా? పైన ఎవరూ లేరండీ. అది సామాను పడేసుకునే గది. తాళమేసే ఉంటుంది."

"మస్కట్ నుంచి వచ్చిన తల్లీబిడ్డలు ఉంటున్నరని రాసిన్రు గదమ్మా."

"మస్కట్ వాళ్లు మస్కట్లోనే ఉంటారు గానీ మా మేడ మీద ఎందుకుంటారండీ? నాకేం తెలీదు."

మన వైపు సంగతి మీకు తెలియనిదేముంది. చేతిలో ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా ఓనర్లు కిరాయిదార్లను దాచేస్తారు. ఇంటిపన్ను పెరుగుతుందని ఒకరికి భయం, పర్మిషన్ లేని గది బయటపడుతుందని ఇంకొకరికి భయం. ఇదంతా నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొత్తపేటలో కిరాయికున్నప్పుడు, ఎవరైనా వచ్చి అడిగితే 'మా పిన్ని ఇల్లు' అని చెప్పమనేది మా ఓనరమ్మ. నేను ఒక్కసారి కూడా తడబడకుండా చెప్పేదాన్ని. అలాంటి దాన్ని ఆ రోజు ఓనరు మాటను వేదవాక్కులా నమ్మాను. నమ్మానంటే అదీ నిజం కాదు. మెట్లవైపు ఒకసారి తలెత్తి చూశాను, మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి, నమ్మడం సులువనిపించింది.

ఆఫీసుకొచ్చి రెండు వాక్యాలు రాశాను. 'దరఖాస్తుదారు సదరు చిరునామాలో నివాసం లేరు. కుటుంబం విదేశంలో ఉంటున్నట్టు స్థానిక విచారణలో తెలిసింది.' స్థానిక విచారణ అంటే ఒక గ్లాసు మజ్జిగ. దరఖాస్తు తిరస్కరించారు, నేను మర్చిపోయాను.

మూడు వారాల తర్వాత ఆ తల్లి ఆఫీసుకొచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణంలో సేల్స్‌లో పనిచేస్తుందట, దుకాణం వాళ్లిచ్చిన యూనిఫాం చీరలోనే వచ్చింది. తిరస్కరించిన కాగితం నా ముందు పెట్టింది.

"మేము లేమని ఎవలు చెప్పిన్రు మేడమ్?"

"విచారణల తేలింది."

"ఎవల్ని ఇచారిస్తె తేలింది? నా బిడ్డ ఎనిమిది నెలల సంది దవాఖానకు తప్ప గా గదిల నుంచి కిందికి దిగలే. గప్పుడు గూడ నేనే ఈపు మీద ఏసుకోని దింపాలె."

లైన్లో నిలబడ్డవాళ్లు మాటలాపి మావైపు తిరిగారు. నాకు చిరాకు పెరిగింది. రూల్ ప్రకారం రాశామని, విదేశంలో ఉన్నవాళ్లకు ఇక్కడి సౌకర్యాలు రావని గట్టిగా చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు.

"మస్కట్ల ఇరవయ్యేండ్లున్నం మేడమ్. ఆడ పిల్లకు ఏమన్న సాయం అడుగుదమని పోతే, మీరు ఈ దేశపోళ్లు గాదు, మీకు గివన్ని రావన్నరు. సరే, మన దేశానికే పోదమని ఒచ్చినం. ఈడికొస్తె మీరు ఈడోళ్లు గాదంటున్రు. మరి మేము యాడోళ్లమో జర మీరే రాసియ్యిన్రి."

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అప్పుడే కళ్లారా చూశాను. చూసి ఏం చేశాను? "కొత్త అప్లికేషన్ పెట్టుకో పో, ఈడ లొల్లి జెయ్యకు" అన్నాను. మనిషి మాట్లాడేది నిజమని తెలిసినప్పుడే నాకు కోపం ఎక్కువ, అది నా పుట్టుబుద్ధి.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అడిగింది.

"మెట్లెక్కిన్రా మేడమ్?"

నేను ఫైల్లోకి తల దూర్చాను. ఆమె దుకాణంలో ఇచ్చిన గంట పర్మిషన్ అయిపోతుందని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచాను. డబ్బా మూసేసి స్కూటీ తీశాను. గడ్డిఅన్నారం వెళ్లేసరికి ఓనరమ్మ తలుపు వేసుకుని పడుకున్నట్టుంది. నేను ఎవరినీ పిలవకుండా మెట్లెక్కాను. ఎక్కుతూ లెక్కపెట్టాను, యాభై నాలుగు. మూడు చోట్ల ఆగి మోకాళ్లు పట్టుకున్నాను. నాకంటే బక్కపలచని మనిషి పంతొమ్మిదేళ్ల పిల్లను వీపున వేసుకుని ఇవన్నీ ఎక్కిందంటే నమ్మశక్యం కాలేదు.

పైన గదికి బయటి నుంచి తాళం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ తాళం చూడగానే నా ప్రాణం కుదుటపడింది. చూశావా, నేను రాసిందే నిజం, ఎవరూ లేరు అనుకున్నాను. అంతలో కిటికీలోంచి గొంతు వినిపించింది.

"ఎవలు?"

ఒక్కో అక్షరాన్నీ లోపలి నుంచి తోసుకుంటూ మాట్లాడుతోంది. ఆఫీసు నుంచి వచ్చానని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద చాప మీద ఆ అమ్మాయి. చుట్టూ గ్రాఫ్ కాగితాలు. చిన్న చిన్న గళ్లలో రంగులు నింపి పోచంపల్లి చీరల డిజైన్లు వేస్తోంది. వాళ్ల నాన్న నేర్పాడట. చేతులు కొంచెం వణుకుతున్నా ఒక్క గడి కూడా గీత దాటలేదు.

"తాళమెందుకు బిడ్డా?"

"అమ్మ పనికి పోతది. నేను లేసి గడియ పెట్టుకోలేను గద. అందుకని ఏస్కోని పోతది." కాసేపు నన్ను చూసి అంది, "మీరు ముందుగాల గూడ ఒచ్చిన్రు."

"నేనా? ఎప్పుడు?"

"ఎర్ర హెల్మెట్. బండి స్టాండు పడకపోతె రెండుసార్లు తన్నిన్రు. ఓనరాంటీతోని మాట్లాడిన్రు. మజ్జిగ తాగిన్రు."

కిటికీ నేలకు జానెడెత్తులోనే ఉంది, అక్కడి నుంచి చూస్తే గేటు, వరండా మెట్లు అన్నీ కనపడుతున్నాయి.

"నేను పిలిచిన ఆంటీ. గట్టిగనే పిలిచిన. నా గొంతు కిందిదాంక రాదు."

నా సర్వీసులో నన్ను తిట్టినవాళ్లున్నారు, పైవాళ్లకు ఫిర్యాదు చేసినవాళ్లున్నారు. ఎవరి మాటా నన్ను అలా కొట్టలేదు. ఈ పిల్ల ఇక్కడ లేదని నేను కింద కూర్చుని నిర్ణయించుకుంటున్నప్పుడు, ఈ పిల్లే పైనుంచి నన్ను చూస్తూ పిలుస్తోంది. కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చేశాను. అరవై ఏళ్ల మనిషిని, గవర్నమెంటు ఉద్యోగిని, మేడ మీద నిలబడి ఏడ్చాను. ఆ అమ్మాయి కంగారుపడి పక్కనున్న సీసాను ఊచల్లోంచి నాకు అందించింది.

"నీళ్లున్నయి ఆంటీ. మజ్జిగైతె లేదు."

ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడు కూర్చుని అసలు సంగతి కనుక్కున్నాను. ఎల్బీనగర్ అవతల ఒక శిక్షణ కేంద్రంలో వికలాంగులకు కంప్యూటర్ మీద బట్టల డిజైన్లు వేయడం నేర్పిస్తున్నారు. ఈమె వేసినవి చూసి సీటు ఇస్తామన్నారు, వికలాంగుల సర్టిఫికెట్ ఉండాలన్నారు. ఆ సర్టిఫికెట్ కోసం డాక్టర్లు చూసే క్యాంపు ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. క్యాంపుకు ఇక్కడి నివాసపు కాగితం కావాలి. ఆ కాగితాన్నే నేను రెండు వాక్యాలతో కొట్టేశాను.

ఆఫీసుకు తిరిగొచ్చి సీనియర్ అసిస్టెంట్‌కు అంతా చెప్పాను. అతను తేలిగ్గా తీసుకున్నాడు.

"గిదేంది అక్కా, గింతకే పరేషాన్ అయితవ్. కొత్త అప్లికేషన్ పెట్టియ్యి, ఉంటున్నరని రాయి. అయిపాయె."

"అయిపోదు. మే నెలల వాళ్లు విదేశంల ఉన్నరని నేనే రాసిన. ఇప్పుడు ఉంటున్నరని రాస్తె ఆర్నెల్లు ఇయ్యాల్టి నుంచి లెక్కవెడ్తరు. క్యాంపు తొమ్మిది రోజులల్ల ఉంది."

"మరేం జేస్తవ్?"

"పాత రిపోర్టు తప్పని రాస్త."

అతను పెన్ను కింద పెట్టాడు. "అక్కా, రిటైర్మెంటుకు ఐదు నెల్లుంది. నీ పింఛన్ కాగితాలు పైకి పొయ్యే టైంల నీ మీద నువ్వే కేసు వెట్టుకుంటవా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తొక్కిన గదరా. ఇగ కడగక తప్పుతదా?"

నా మాట ఒక్కటే చాలదు. ఒకసారి లేరని రాసిన మనిషి ఇప్పుడు ఉన్నారంటే ఎవరు నమ్ముతారు? ఎనిమిది నెలలుగా ఉంటున్నారని ఓనరు రాసివ్వాలి. మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఈసారి మజ్జిగ వద్దన్నాను. పైకి వెళ్లొచ్చానని చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నా కడుపు కొట్టకండి మేడమ్ గారూ. ఆ పెంట్‌హౌస్‌కి పర్మిషన్ లేదండీ. నా చేత్తో రాసిచ్చానంటే రేపు కూలగొట్టడానికి వస్తారు. ఆ గది కిరాయితోనే నా మందులు గడుస్తున్నాయి."

"కూలగొట్టేది మా ఆఫీసు గాదమ్మా. నాకు కావాల్సింది పిల్ల ఉందా లేదా, అంతే."

"ఎవరూ రారని మీరు హామీ ఇస్తారా?"

ఇస్తానని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఒక అబద్ధం నుంచి బయటపడలేక చస్తున్నాను.

"ఇయ్యలేనమ్మా. ఎవ్వరు రారని నేనెట్ల చెప్త? మీరు నాతోని అబద్ధం చెప్పిన్రు, నేను దాన్ని గవర్నమెంటు కాగితం మీద రాసిన. ఇద్దరం కలిసి గా పిల్లను ఈ దేశంల లేకుండ జేసినం. నా తప్పు నేను రాసుకుంటున్న. మీ ఇష్టం ఇగ."

ఆవిడ వరండా గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నన్ను రాక్షసి అనుకోకండి. రోజూ పొద్దున్నే ఆ పిల్లకి నాలుగు ఇడ్లీలు నేనే పంపిస్తాను. వాళ్లమ్మకి పనికి వెళ్లే హడావిడి, ఏం వండుతుంది పాపం. అల్లం పచ్చడి పడదు ఆ పిల్లకి, పొలమారుతుంది. అందుకని ప్రత్యేకం కొబ్బరి పచ్చడి చేస్తాను."

"ఎప్పటి నుంచి పంపిస్తున్నరు?"

"దిగిన మర్నాటి నుంచీ. అట్లతద్ది ముందు రోజు వచ్చారు వాళ్లు. పండగ అట్లు కూడా పైకి పంపాను, నాకు బాగా గుర్తు."

"గదే రాయిన్రమ్మా."

"ఏది, ఇడ్లీలా?"

"ఇడ్లీలే."

కళ్లజోడు పెట్టుకుని కాగితం నిండా రాసింది. అట్లతద్ది, ఇడ్లీలు, అల్లం పచ్చడి పడకపోవడం, కొబ్బరి పచ్చడి, అన్నీ. కొంచెం తగ్గించమంటే, రాసేటప్పుడు పూర్తిగా రాయాలి గదండీ అంది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగింది. 'పెంట్‌హౌస్' అని రాయనంది, 'మా ఇంటి పైభాగం' అని రాసింది. నేనూ పట్టుబట్టలేదు, పైభాగమూ నిజమే గదా.

ఆఫీసుకొచ్చేసరికి నా టేబుల్ మీద పాత ఫైలు సిద్ధంగా ఉంది. సీనియర్ అసిస్టెంట్ వెతికి తీసిపెట్టాడు. నా టైపింగు నత్తనడకని తెలిసి, రిపోర్టు చెప్పక్కా నేను కొడతా అన్నాడు. నేను చెప్పింది కొడుతూ కొడుతూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

మా తహసీల్దారు నా కొడుకు కంటే చిన్నవాడు. పరీక్ష రాసి డిప్యూటీ తహసీల్దారుగా చేరి, తొందరగానే ఆ కుర్చీలోకి వచ్చాడు, నవ్వడం తక్కువ. ముందు ఓనరమ్మ స్టేట్‌మెంట్ చదివాడు.

"మేడమ్, ఇందులో పచ్చడి గురించి ఎందుకుంది?"

"ఆవిడ రోజూ చేస్తది కాబట్టి సార్."

తర్వాత నా రిపోర్టు చదివాడు. 'పై అంతస్తుకు వెళ్లి చూడకుండానే నివేదిక ఇచ్చాను. అది తప్పు' అని ఉంది అందులో. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"పొరపాటు జరిగిందని రాస్తే సరిపోతుంది గదా."

"పొరపాటు గాదు సార్. బద్ధకం."

"మెమో ఇవ్వాల్సొస్తుంది మీకు."

"ఇయ్యిన్రి సార్. కానీ సర్టిఫికెట్ ఈ వారంల ఇయ్యిన్రి."

రెండుసార్లు రెండు రకాలుగా రాసిన గిర్దావర్ మాట మీద సంతకం పెట్టలేనని, ఇంకెవరైనా వెళ్లి చూసి రావాలని అన్నాడు. న్యాయమే. ఫైలు పట్టుకుని నా వెంట వచ్చిన సీనియర్ అసిస్టెంట్, తను పోతానన్నాడు. మస్కట్ పార్టీ అని నవ్విన మనిషి ఆ మధ్యాహ్నం యాభై నాలుగు మెట్లూ ఎక్కి, చొక్కా తడిసిపోయి తిరిగొచ్చాడు.

"ఉన్నది అక్కా. నా షర్టు మీద గళ్లు కుట్టుకాడ కలుస్తలేవని చెప్పింది. నేను గీ షర్టు మూడేండ్ల సంది ఏసుకుంటున్న, ఎవ్వలు జూడలే."

సర్టిఫికెట్, నా మెమో, రెండూ ఒకే రోజు సంతకమయ్యాయి. సర్టిఫికెట్‌లో అడ్రసు ఓనరమ్మ రాసినట్టే, 'ఇంటి పైభాగం' అని పడింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నేను ఆపాలనుకున్న చోటు వేరే ఉంది. మెమోకు జవాబు రాశాను, మందలింపుతో వదిలేశారు. నా పింఛను కాగితాలు మూడు నెలలు ఆలస్యమయ్యాయి, ఇంట్లో మా ఆయన అన్ని రోజులూ సణిగాడు. ఆ అమ్మాయికి శిక్షణలో సీటు దొరికింది. మూడు చక్రాల బండి మాత్రం ఏడాది తర్వాత గానీ రాలేదు, దాని కోసం వాళ్లమ్మ తిరగని ఆఫీసు లేదు. పింఛనుకు ఇంకో విచారణ జరిగింది. అదయినా ఇదయినా ఏదీ చిటికెలో జరిగిపోదు, కానీ జరిగాయి. వాళ్ల నాన్న కూడా ఆ మరుసటి ఏడు తిరిగొచ్చేశాడు.

ఇక క్యాంపు రోజు. పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అమ్మాయిని కిందికి దింపాం. ముందు సీనియర్ అసిస్టెంట్, వెనక గల్లీ చివరి ఆటో అతను, పక్కన కుర్చీ పట్టుకుని తల్లి. నేను ముందు నడుస్తూ మలుపు వచ్చినప్పుడల్లా చెప్పడం తప్ప ఇంకేం చేయలేదు. గేటు దగ్గర ఓనరమ్మ చేతిలో టిఫిన్ డబ్బాతో తయారుగా ఉంది.

"పిల్ల ఆకలికి ఆగలేదండీ, నేనూ వస్తాను" అని ఆటోలో ముందే ఎక్కి కూర్చుంది.

దవాఖానలో జనం బాగా ఉన్నారు. డాక్టర్లు చూసే ముందు ఒక కౌంటర్ దగ్గర వివరాలు కంప్యూటర్లో ఎక్కించుకుంటున్నారు. మా వంతు రావడానికి మూడు గంటలు పట్టింది. కౌంటర్లో ఉన్నతను తలెత్తకుండానే తల్లిని అడిగాడు.

"అడ్రస్ చెప్పమ్మా."

తల్లి నోరు తెరిచింది. అంతలో కుర్చీలోంచి ఆ అమ్మాయి చెయ్యి పైకెత్తింది.

"నేను చెప్త."

తల్లి ఆగిపోయింది. అమ్మాయి మొదలుపెట్టింది. ఇంటి నంబరు ఒక్కో అంకె చెప్పింది. ఒక్కోదానికి ఊపిరి తీసుకుంటోంది. వెనక లైన్లో ఎవరో జల్దీ కానియ్యిన్రి అన్నారు. కౌంటర్లో ఉన్నతను మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు, కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచి ఆగాడు. గల్లీ పేరు చెప్పింది. గడ్డిఅన్నారం అంది. దిల్‌సుఖ్‌నగర్ అంది. ఇక అయిపోయిందనుకున్నాం. ఆమె మళ్లీ ఊపిరి తీసుకుంది.

"మూడో అంతస్తు మీద... పెంట్‌హౌస్."

సీనియర్ అసిస్టెంట్‌కు దగ్గొచ్చింది. నేను నేల చూపులు చూశాను. కౌంటర్లో ఉన్నతను సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో పెంట్‌హౌస్ అని లేదు, ఇంటి పైభాగం అని ఉంది. ఏది ఎక్కించాలి?"

అమ్మాయి ఓనరమ్మ వైపు చూసింది. ఆవిడ టిఫిన్ డబ్బాను గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఒకసారి అటూ ఇటూ చూసి, ముందుకు జరిగి, కౌంటర్ మీద చెయ్యి పెట్టింది.

"పెంట్‌హౌస్ అనే రాయి నాయనా. పిల్ల ఉండేది అక్కడే."

అతను టైపు చేసి, తెరను అమ్మాయి వైపు తిప్పాడు. తన పేరు పక్కన తన ఇంటి అడ్రసును ఆమె పెదవులు కదుపుతూ మెల్లగా చదువుకుంది. వెనక లైన్లో ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.